కడబంతి వడ్డన

మా మావయ్య షెడ్డులో పొద్దున్నే నాకు అప్పజెప్పే మొదటి పని ప్లగ్గులు విప్పి వరసగా పేర్చడం. రాత్రంతా తిరిగి వచ్చిన లారీ ఇంజను అప్పటికింకా గోరువెచ్చగా ఉండేది. బానెట్టు పక్క రెక్క ఎత్తి, రేడియేటర్ వైపు నుంచి వెనక్కి ఆరు ప్లగ్గులూ ఒక్కొక్కటే విప్పి, ఉతికిన తెల్లగుడ్డ మీద అదే వరసలో పెట్టాలి. వరస తప్పితే చెవి మెలిక పడేది. మావయ్య కాఫీ గ్లాసుతో వచ్చి గొంతుక్కూర్చుని, జాతకచక్రం చూసే సిద్ధాంతిలా ఆ ఆరింటినీ చూసేవాడు. మధ్య రెండూ మసిపట్టి నల్లగా, చివర రెండూ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెదవి విరిచి, "కడబంతి వాళ్లకి అన్నం అందట్లేదురా అల్లుడూ" అనేవాడు.

అది 1961. నాకు 13 ఏళ్లు. మా నాన్న పోయాక అమ్మ నన్ను తన తమ్ముడి దగ్గర పనికి పెట్టింది. బెజవాడలో ఆటోనగర్ ఇంకా పుట్టలేదు. బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు చుట్టుపక్కల సందుల్లో, రేకుల కిందా చింతచెట్ల కిందా మెకానిక్ షెడ్లు ఉండేవి. ఒక్కో షెడ్డుకీ ఒక్కో పేరు. స్ప్రింగు కట్టలకి ఒకరు, గేరుబాక్సులకి ఒకరు, బాడీ కట్టడానికి ఇంకొకరు. మా మావయ్యది కార్బేటర్ షెడ్డు. కార్బొరేటర్ అనే మాట మా నోట్లో ఎప్పుడూ కార్బేటరే. గుడివాడ నుంచి, నూజివీడు నుంచి, ఏలూరు నుంచి "బండి తుమ్ముతోంది మేస్త్రీగారూ", "పికప్ చచ్చిపోయింది మేస్త్రీగారూ" అంటూ డ్రైవర్లు తెల్లారేసరికి వచ్చి వాలేవాళ్లు.

వచ్చే బండ్లలో ఎక్కువ భాగం ఆరు సిలిండర్ల పెట్రోలు బండ్లే. షెవర్లేలు ఉండేవి. ఆ బండ్లను జనరల్ మోటార్స్ వాళ్లు 1928 నుంచి బొంబాయిలోనే బిగించి అమ్మేవాళ్లు, 1954లో ఆ కార్ఖానా మూసేశారు. కుర్లాలో ప్రీమియర్ వాళ్లు బిగించిన డాడ్జిలు, ఫార్గోలు ఉండేవి. బెడ్‌ఫోర్డులు ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్లు వేలం వేసిన ట్రక్కులు కొని, వాటి మీద చెక్క బాడీ కట్టించి లారీలుగా తిప్పేవాళ్లు. వాటిని "డిస్పోజల్ బండ్లు" అనేవాళ్లం. 1958 జనవరిలో ఆర్టీసీ ఏర్పడింది. కృష్ణా జిల్లా బస్సు రూట్లు జాతీయం చేసే పథకం మీద సొంతదారులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. చివరికి ప్రైవేటు బస్సు వాళ్లు చాలామంది రూట్లు పోగొట్టుకుని, బస్సు బాడీ పీకించి, అదే ఛాసిస్ మీద లారీ తొట్టి కట్టించారు. పంచె కట్టుకుని, చేతిలో గొడుగుతో షెడ్డు ముందు నిలబడి, ఒకప్పటి తన బస్సు లారీగా మారుతుంటే చూస్తున్న ఒక పెద్దాయన ముఖం నాకింకా గుర్తుంది.

ఆరు సిలిండర్ల ఇంజనుకి మేమంతా ఎందుకు అంత దాసోహమన్నామో ఇప్పటి పిల్లలకి చెప్పాలి. ఆరూ ఒకే వరసలో నిలబడి ఉంటాయి. మొదటి పిస్టను పైకి వెళ్తే ఆరోది కూడా పైకి వెళ్తుంది. రెండూ అయిదూ ఒక జత. మూడూ నాలుగూ ఒక జత. ఒకదాని ఊపును ఇంకోటి సరిచేస్తుంది. అందుకే ఇంజను వణకదు. ట్యూనింగ్ పూర్తయ్యాక మావయ్య స్లో పెట్టి, ట్యాపెట్ కవర్ మీద రూపాయి బిళ్లను అంచు మీద నిలబెట్టేవాడు. బిళ్ల పడకపోతే డ్రైవరు దణ్ణం పెట్టి డబ్బిచ్చేవాడు. పడితే మళ్లీ ప్లగ్గులు విప్పాల్సిందే.

చిక్కంతా ఆ వరసలోనే ఉంది. ఇంజను పొడుగు. కార్బేటరేమో ఒక్కటే, నడిమధ్యన కూర్చుంటుంది. దాని కింద మానిఫోల్డు, అంటే ఇంజను పక్కన పడుకోబెట్టిన పోత ఇనుప గొట్టం. షెవర్లేలో ఆ గొట్టం నుంచి హెడ్డులోకి మూడే దార్లు. ఒక్కో దారికి రెండేసి సిలిండర్లు. నడిమి దారి కార్బేటర్‌కి సరిగ్గా కిందనే. చివరి రెండు దార్లూ చెరో మూలకి. గాలి తేలిక కాబట్టి ఎంత మలుపైనా తిరుగుతుంది. పెట్రోలు చుక్క బరువు. మలుపు దగ్గర గోడకి కొట్టుకుని, గొట్టం అడుగున చెమ్మగా పారుతుంది. నడిమి వాళ్లకి నెయ్యి ఎక్కువై, చివరి వాళ్లకి ఒట్టి గాలే మిగులుతుంది.

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదు" అని మనకో సామెత ఉంది కదా. మావయ్య విద్య అంతా ఆ సామెతే. కార్బేటర్ వంటవాడు, మానిఫోల్డు వడ్డించేవాడు అనేవాడు. జనం అందరూ వంటవాణ్ణి మారుస్తామని వస్తారు, ముందు వడ్డించేవాడి సంగతి చూడాలి అనేవాడు. నేనిప్పుడు 60 ఏళ్ల పైబడిన అనుభవంతో చెబుతున్నాను, ఈ విషయంలో ఆయన మాటకి తిరుగులేదు.

అయినా కార్బేటర్ ఎంపికలో ఆయన పద్ధతి చెప్పకుండా ముందుకెళ్లలేను. షెడ్డు గోడకి తారు పూసిన చదరం ఒకటి ఉండేది. సుద్దముక్కతో దాని మీద లెక్క వేసేవాడు. గ్యాలన్ల రోజులు అవి. నేను లీటర్లలో చెబుతాను. 216 క్యూబిక్ అంగుళాల షెవర్లే ఇంజను, మూడున్నర లీటర్లు. రెండు చుట్లు తిరిగితే ఒకసారి కడుపు నిండుతుంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగితే 1500 సార్లు. అంటే 5250 లీటర్ల గాలి. పూర్తిగా ఎప్పుడూ నిండదు, అయిదో వంతు తీసెయ్. 4200. ఆ గాలి సుమారు అయిదు కిలోల బరువు. పదిహేను పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు. అంటే నిమిషానికి అర లీటరుకి కాస్త తక్కువ. "ఈ ఇంజను నోరు ఇంత. దీనికి సరిపడా చోకు ట్యూబు ఉన్న కార్బేటర్ వెతుకు, దాని మీద ఏ కంపెనీ పేరున్నా నాకు పనిలేదు" అనేవాడు. ఆయన చదివింది నాలుగో తరగతి. ఈ లెక్కని యుద్ధకాలంలో మిలిటరీ వర్క్‌షాపులో ఒక మద్రాసీ హవల్దారు దగ్గర నేర్చుకున్నానని చెప్పేవాడు.

చోకు ట్యూబంటే కార్బేటర్ గొంతులో సన్నబడే భాగం. గాలి అక్కడ ఇరుకులో పరుగెడుతుంది కాబట్టే పీల్పు పుట్టి జెట్టులోంచి పెట్రోలు పైకి లేస్తుంది. గొంతు మరీ ఇరుకైతే పైవేగంలో ఊపిరాడదు. మరీ వెడల్పైతే గాలి మెల్లగా పోతుంది, పీల్పు చాలదు, పెట్రోలు లేవదు. లేచినా పొగమంచులా కాక వానచినుకుల్లా పడుతుంది. జనానికి మొదటిది అర్థమయ్యేది. రెండోది ఎంత చెప్పినా ఎక్కేది కాదు.

గుడివాడ వైపు నుంచి ఒక లారీ ఆసామి వచ్చాడు. చేతిలో గుడ్డలో చుట్టిన పెద్ద జెనిత్ కార్బేటర్. అమెరికా సైన్యం వాడిన జీఎంసీ ట్రక్కుది, 270 క్యూబిక్ అంగుళాల ఇంజను మీద ఉండేది. డిస్పోజల్ సామాన్లలో కొన్నాడు. దాన్ని తన 216 షెవర్లేకి బిగించమన్నాడు. పెద్దది కాబట్టి బలం వస్తుందని ఆయన నమ్మకం. మావయ్య వద్దని చెప్పి చూశాడు. వినకపోతే, "సరే, పెడతాను, మీరే నడిపి చూడండి" అని మధ్యలో అల్యూమినియం పలక చేయించి బిగించాడు. ఆసామి కాలు వేయగానే బండి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, కార్బేటర్లోకి తుమ్మి, అప్పుడు కదిలేది. లోడుతో వంతెన ఎక్కేటప్పుడు మరీ ఘోరం. మూడో రోజు తిరిగొచ్చాడు. మావయ్య మానిఫోల్డు విప్పించి గొట్టంలో చెయ్యి పెట్టమన్నాడు. నా వేళ్లు పెట్రోలులో తడిసి బయటికొచ్చాయి. ఆసామి కూడా వేలు పెట్టి చూసుకున్నాడు. పాత కార్టర్ కార్బేటరే తిరిగి ఎక్కింది.

దీనికి పూర్తిగా వ్యతిరేకం కొన్నేళ్ల తర్వాత మామిడికాయల సీజన్లో జరిగింది. నూజివీడు లారీ. పెట్రోలు ఆదా అవుతుందని ఎవరో చెబితే నాలుగు సిలిండర్ల కారు నుంచి విప్పిన చిన్న సోలెక్స్ పెట్టించుకుని వచ్చాడు. ఖాళీ బండి మీద నిజంగానే ఆదా అయింది. మామిడి బుట్టలు ఎక్కించాక మాత్రం బండి టాపులో లాగదు, డ్రైవరు ఎప్పుడూ మూడో గేరులో కాలు పూర్తిగా తొక్కిపట్టి నడపాలి. నెల లెక్క చూసుకుంటే ఆదా పోయి అదనం తేలింది. మావయ్య ఆ రోజు డ్రైవర్లందరి ముందూ అన్నాడు: "మైలేజీ కార్బేటర్లో ఉండదయ్యా, కాలు ఎంత తొక్కాల్సొస్తుందో అందులో ఉంటుంది." ఈ మాటని నేను తర్వాత వందసార్లు వాడుకున్నాను.

కార్బేటర్లలో ఒక్కోదానికి ఒక్కో గుణం. కార్టర్‌లో మీటరింగ్ రాడ్డని మెట్లుమెట్లుగా ఉన్న సన్నపుల్ల జెట్టులో దిగి ఉంటుంది. కాలు తొక్కేకొద్దీ పైకి లేచి దారి వెడల్పు చేస్తుంది. దాని ఎత్తు సరిచూడటానికి గేజీ కావాలి. మావయ్య ఇత్తడి రేకుతో సొంతంగా గేజీ చేసుకున్నాడు. సోలెక్స్ సులువు. జెట్టు విప్పితే దాని నెత్తినే నంబరు ఉంటుంది. 125 అంటే 1.25 మిల్లీమీటర్ల రంధ్రం. చోకు ట్యూబు మిల్లీమీటర్లని అయిదుతో గుణించి ఆ నంబరు జెట్టుతో మొదలుపెట్టు, తర్వాత ప్లగ్గులు ఏం చెబితే అది విను అనేవాడు. ఎస్‌యూ కార్బేటర్ తీరే వేరు. ఇంజను పీల్పుని బట్టి పైన పిస్టను దానంతటదే లేచి దిగుతూ గొంతు వెడల్పుని మారుస్తుంది. అలాంటిది మా షెడ్డుకి అరుదుగా వచ్చేది. వస్తే మావయ్య ఆ పూట ఇంకో పని ముట్టుకునేవాడు కాదు.

జెట్టు అన్నాను కాబట్టి నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. పనిలో చేరిన మొదటి సంవత్సరం, మూసుకుపోయిన జెట్టుని ఉక్కు తీగతో పొడిచి శుభ్రం చేశాను. లారీ నల్లపొగ కక్కుతూ మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. మావయ్య కొట్టలేదు. ఆ జెట్టూ, అదే నంబరున్న కొత్త జెట్టూ రెండూ నా అరచేతిలో పెట్టి వెలుతురుకి ఎత్తి చూడమన్నాడు. తేడా నా కంటికి ఆనలేదు. "మిల్లీమీటర్లో పదో వంతు పెరిగినా పెట్రోలు ఆరో వంతు పెరుగుతుంది. గాలి ఊదు, కాదంటే గుర్రపు వెంట్రుక పెట్టు. ఇనుము పెట్టకు" అన్నాడు. తర్వాత ఎప్పుడో రంధ్రాల వైశాల్యం లెక్క కట్టి చూశాను. 1.25, 1.35 మధ్య తేడా సరిగ్గా ఆరో వంతే.

ఫ్లోటు పని నాకు ఇష్టమైన పని. ఇత్తడి రేకుతో చేసిన బోలు బుడ్డి అది, పెట్రోలు మట్టాన్ని కాస్తుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల చుక్క గలగలమంటే చిల్లు పడ్డట్టు. అత్తయ్య పొయ్యి మీద కాచిన వేణ్ణీళ్ల గిన్నెలో ముంచితే చిల్లులోంచి సన్నటి బుడగల వరస వచ్చేది. అక్కడ గోటితో గుర్తు పెట్టుకోవాలి. లోపలి పెట్రోలు పూర్తిగా ఆవిరి చేశాకే మాట్లు వెయ్యాలి, అదీ బియ్యపు గింజ కంటే తక్కువ సీసంతో. బరువు పెరిగితే ఫ్లోటు మునిగి మట్టం పెరుగుతుంది. దసరా నాడు ఆయుధపూజకి ఆ ఇత్తడి ఫ్లోట్లన్నీ చింతపండుతో తోమి, కుంకుమబొట్లు పెట్టి పానాల పక్కన వరసగా పెట్టేవాళ్లం. దుర్గమ్మ కొండ మీద దీపాలు కనబడుతుండగా మా రేకుల షెడ్డులో ఆ ఫ్లోట్లు మెరిసేవి.

మానిఫోల్డు దగ్గరికి మళ్లీ వస్తాను. పెట్రోలు ఇంజన్లలో లోపలికి పీల్చే గొట్టం, పొగ వదిలే గొట్టం ఒకే పక్కన ఒకదానికొకటి బిగించి ఉండేవి. పొగ వేడి పైగొట్టం అడుగుని కాస్తే, గోడకి అంటుకున్న పెట్రోలు ఆవిరైపోతుంది. షెవర్లేలో దీనికోసం స్ప్రింగు కట్టిన రేకు తలుపు ఉండేది. చలిదేశాల కోసం కల్పించింది. బెజవాడ ఎండలకి ఆ తలుపు తుప్పుపట్టి ఎటో ఒకవైపు బిగుసుకుపోయేది. వేడివైపు బిగుసుకుంటే లోపలికెళ్లే గాలి పలచనై బలం పోయేది. రోహిణికార్తెలో పెట్రోలు పైపులోనే ఆవిరై బండి నడిరోడ్డు మీద ఆగిపోయేది. పంపు మీద తడిగోనె చుట్టుకుని తిరిగేవాళ్లు. మావయ్య ఒక్కో బండికీ ఆ తలుపు ఎక్కడ నిలబెట్టాలో విడిగా నిర్ణయించి బోల్టుతో బిగించేసేవాడు. డ్రైవరుని పక్కకి తీసుకెళ్లి, "నిజం చెప్పు, కిరసనాయిలు కలుపుతున్నావా?" అని అడిగేవాడు. కలిపేవాళ్లకి వేడి ఎక్కువ కావాలి, లేకపోతే కిరసనాయిలు ఆవిరి కాక ఇంజను ఆయిల్లోకి దిగి బేరింగుల్ని తింటుంది. ఆయన ఎవరినీ తిట్టేవాడు కాదు, ఎవరి సంగతీ యజమానికి చెప్పేవాడూ కాదు.

ఇంకా వెనక్కి వెళ్తే బొగ్గు బస్సులు. నేను చూడలేదు, మావయ్య నడిపాడు. యుద్ధంలో పెట్రోలుకి రేషను వచ్చినప్పుడు బస్సు వెనకాల పొయ్యి కట్టి, బొగ్గు మండించి, ఆ గ్యాసుతో ఇంజను తిప్పేవాళ్లు. ముందు అరగంట చేత్తో ఫ్యాను తిప్పితేనే గ్యాసు అందుకునేది. కార్బేటర్ స్థానంలో గాలీ గ్యాసూ కలిపే కవాటం పెట్టేవాళ్లు. అప్పుడు మానిఫోల్డుకి వేడి అసలు పనికిరాదు. గ్యాసు ఎంత చల్లగా ఉంటే అంత బలం. బలం దాదాపు సగానికి పడిపోయేది కాబట్టి ఎత్తు దగ్గర ప్రయాణికులు దిగి నడిచేవాళ్లట. "అయినా ఆ బస్సుల్లో ఆరు ప్లగ్గులూ ఒకే రంగులో ఉండేవిరా" అని మావయ్య ఆశ్చర్యంగా చెప్పేవాడు. ఎందుకో నాకు పెద్దయ్యాక తట్టింది. గ్యాసులో బరువైన చుక్కలుండవు. కడబంతి దాకా ఒకేలా అందుతుంది.

మావయ్య చేసిన పనులన్నిటిలోకి ఒకటి నా కళ్లకి కట్టినట్టు ఉంది. 1965 ప్రాంతం. ఒక పెద్ద కుటుంబం వాళ్ల షెవర్లే ఫ్లీట్‌మాస్టర్ కారు, 1948 మోడలు. వాళ్లబ్బాయి మద్రాసులో చదువుతూ షోలవరం రేసులు చూసి వచ్చాడు. కారుకి రెండు కార్బేటర్లు కావాలన్నాడు. "ఎందుకు బాబూ, వేగం కోసమా?" అని మావయ్య అడిగాడు. అవునన్నాడు. మావయ్య రెండు రోజులు ఏమీ చెప్పలేదు. మూడో రోజు నన్ను పిలిచి తారు పలక మీద అంకెలు రాశాడు: 1-5-3-6-2-4. ఇది సిలిండర్లు పేలే వరస. "చూడు, ముందు మూడింట్లో ఒకటి, తర్వాత వెనక మూడింట్లో ఒకటి. మళ్లీ ముందు, మళ్లీ వెనక. ఎప్పుడూ తప్పదు. ఇద్దరు వడ్డించేవాళ్లుంటే ఒకడి చెయ్యి ఖాళీ అయ్యేలోపు ఇంకొకడి వంతు. ఒకడి మీద ఇంకొకడు పడడు." ఆయన కళ్లల్లో ఆ రోజు కనిపించిన వెలుగుని నేను మళ్లీ చూడలేదు. వేగం కోసం కాదు, కడబంతి కోసం ఆ పని ఒప్పుకున్నాడు.

వడ్రంగితో చెక్కమూస చేయించాడు. ఒక్కో కార్బేటర్ రెండు దార్ల మధ్యన కూర్చునేట్టు కొలతలు ఇచ్చాడు. దాంతో చివరి సిలిండర్లకి దూరం సగానికి తగ్గింది. ఇసుకలో అల్యూమినియం పోత పోయించాడు. మొదటి పోతలో గాలిబుడగలు వచ్చాయి, పగలగొట్టి మళ్లీ పోయించాడు. లోపల గరుకుని ఆకురాయితో వేళ్లు అందినంత మేరా నేను రుద్దాను. మరీ అద్దంలా చెయ్యొద్దు, కాస్త గరుకుంటేనే చుక్క గోడ మీద నిలవకుండా గాలిలోకి తిరిగి లేస్తుందన్నాడు. ఒకే నంబరు సోలెక్సులు రెండు దొరకడానికి నెల పట్టింది. రెండు ఉన్నాయి కదా అని ఒక్కోదానికీ పాత చోకు ట్యూబే ఉంచలేదు, చిన్నవి వేశాడు.

బిగించాక అసలు పరీక్ష, రెండూ సమానంగా పీల్చాలి. మా దగ్గర గేజీలు లేవు. మూరెడు పెట్రోలు రబ్బరు గొట్టం ఉంది. ఒక కొన కార్బేటర్ నోటి దగ్గర పెట్టి, రెండో కొన నా చెవిలో పెట్టాడు. పాలు పొంగబోయే ముందు గిన్నెలోంచి వచ్చే చప్పుడులా సన్నగా వినిపించింది. రెండో కార్బేటర్ దగ్గర పెడితే అదే చప్పుడు, కాస్త ఎక్కువ. "ఏది గట్టిగా ఉంది?" "వెనకది మావయ్యా." స్క్రూ పావు చుట్టు. మళ్లీ విన్నాను. "ఇప్పుడు ముందుది." వెంట్రుకవాసి వెనక్కి. అలా గంటసేపు, షెడ్డులో మాటామంతీ లేకుండా. చివరికి గొట్టం ఇటు పెట్టినా అటు పెట్టినా ఒకే చప్పుడు. నేను తలెత్తి చూశాను. మావయ్య నా ముఖం చూసే పానా కింద పెట్టేశాడు. ఆ వారం తర్వాత ప్లగ్గులు విప్పితే ఆరూ వేయించిన కాఫీగింజల రంగులో ఉన్నాయి. ఆ అబ్బాయి వేగం పెరిగిందని సంతోషించాడు. మావయ్య ఆ ఆరు ప్లగ్గులూ చూసి సంతోషించాడు.

ఆ మానిఫోల్డే ఆయన చేసిన ఆఖరి పెద్ద పని. డీజిలు అప్పటికే వచ్చేసింది. టాటా వాళ్ల బెంజి లారీలు 1954 నుంచి జంషెడ్‌పూర్లో తయారవుతుండేవి. మద్రాసు సింప్సన్ వాళ్లు చేసే పెర్కిన్స్ పీ6 డీజిలు ఇంజను కొని, పెట్రోలు ఇంజను తీసి దాన్ని దింపుకునేవాళ్లు రోజురోజుకీ పెరిగారు. అదీ ఆరు సిలిండర్లదే. అందులో కార్బేటర్ లేదు. పంపులో సిలిండరుకొకటి చొప్పున ఆరు ప్లంజర్లు, ఎవరి డీజిలు వాళ్లకి కొలిచి పంపుతాయి. మొదటిసారి ఆ పంపు విప్పి చూసి మావయ్య, "ఆరుగురికీ ఆరు గరిటెలు పెట్టార్రా. ఇంక మనతో పనేముంది" అన్నాడు. ఆ మాటలో ఏడుపు లేదు. మంచి పని చూసినప్పుడు మెచ్చుకునే గొంతుతోనే అన్నాడు. షెడ్డు మూల మానిఫోల్డుల గుట్ట పెరిగింది. ఆటోనగర్ వచ్చింది, మేమూ అక్కడికి మారాం. 1973లో పెట్రోలు ధర మండిపోయాక మిగిలిన పెట్రోలు లారీలు కూడా తుక్కు కొట్లకి చేరాయి. ఇనుము కిలో లెక్కన, ఇత్తడి విడిగా.

ఆరు సిలిండర్ల పెట్రోలుతో నా ఆఖరి పరిచయం జోంగాతో. జబల్‌పూర్ కర్మాగారంలో సైన్యం కోసం నిస్సాన్ నమూనాలో చేసిన జీపు అది. 3956 సీసీ. 85.7 మిల్లీమీటర్ల బోరు, 114.3 స్ట్రోకు, అంటే లారీ ఇంజనులా మెల్లగా తిరిగి గట్టిగా లాగే రకం. సైన్యం వేలం వేస్తే కొనుక్కున్నవాళ్లు లీటరుకి నాలుగైదు కిలోమీటర్లు చూసి బెంబేలెత్తి, చిన్న కార్బేటర్ పెట్టమనో డీజిలు దింపమనో వచ్చేవాళ్లు. ఒకాయన్ని మాత్రం ఒప్పించి అసలు కార్బేటరే శుభ్రం చేసి, జెట్లు సరిచూసి, మానిఫోల్డు ప్యాకింగులు మార్చి ఇచ్చాను. అప్పటికి మావయ్యకి చూపు మందగించింది. ఆయన్ని కుర్చీలో ఇంజను పక్కన కూర్చోబెట్టి స్టార్ట్ చేశాను. కాసేపు విని, "ఆరోది కాస్త ఆకలిగా ఉంది" అన్నాడు. విప్పి చూస్తే ఆ వైపు ప్యాకింగు దగ్గర వెంట్రుకంత సందులోంచి గాలి పీలుస్తోంది.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు మోటారుసైకిల్లో కూడా కార్బేటర్ దాదాపు లేనట్టే. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో చాలావరకు అదీ పోయింది. సిలిండరుకో ఇంజెక్టరు, పైన కంప్యూటరు. వడ్డన ఎప్పటికంటే బాగుంది, పొగ తగ్గింది. వెనక్కి వెళ్లాలని నేను అనను. ఆ రేకుల షెడ్డులో చెవితో, వేలి కొసతో, ప్లగ్గు రంగుతో ఆరుగురికీ సమానంగా పంచిన మనుషుల పనితనం మాత్రం ఎక్కడా రాసి లేదు.

రాసింది ఒక్కచోట ఉండేది. మావయ్య ఒక బౌండు పుస్తకంలో ప్రతి బండికీ ఒక గీత గీసి రాసుకునేవాడు: బండి పేరు, ఊరు, కార్బేటర్, చోకు ట్యూబు, జెట్టు, వేడి తలుపు ఎంత తెరిచిందీ, వారం తర్వాత ప్లగ్గుల రంగు. ఆరు ప్లగ్గులకీ ఆరు చుక్కలు పెట్టి, నల్లనివి పెన్సిలుతో నింపేవాడు. ఆయన తర్వాత అది నా దగ్గరే, మా సింగ్‌నగర్ ఇంట్లో ఉండేది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ఇంట్లోకి నడుములోతు వచ్చి రోజుల తరబడి నిలిచింది. బీరువా అడుగు అరలోంచి తీసేసరికి పుస్తకం పిండిముద్దై ఉంది. రెండు పుటల మీద మాత్రం పెన్సిలు చుక్కలు మిగిలాయి.

గుర్తున్నంత మటుకు కొత్త పుస్తకంలో రాస్తున్నాను. ఇప్పటికి 41 బండ్ల లెక్క రాయగలిగాను. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో మీ తాతల కాలం నాటి లారీ షెడ్డుల్లో, రైసుమిల్లు గోదాముల్లో ఇంకా పాత కార్టరో జెనిత్తో సోలెక్సో పడి ఉండవచ్చు. దాన్ని కిలో లెక్కన అమ్మేముందు ఒక్కసారి కడిగి, జెట్టు విప్పి, నెత్తిన ఉన్న నంబరు చదివి, అది ఏ బండిదో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి ఒక కాగితం మీద రాసిపెట్టండి.